గుట్ట మీది మన కాలనీ: నివాసుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గం సమయంలోనూ సంఘం డబ్బులోనూ సింహభాగం వాననీటికే పోయింది. గేటు సుందరీకరణ, పార్కులో కొత్త లైట్లు ఎందుకు వాయిదా పడ్డాయని చాలామంది అడిగారు. కారణం ఇదే. చదును నేల మీది కాలనీలో ఎవరైనా నీళ్లు రోడ్డు మీదికి వదిలితే రోడ్డు పాడవుతుంది, అంతవరకే. గుట్ట మీద మాత్రం పై ఇంటి నీళ్లు కింది ఇంటి గోడ వెనక చేరతాయి.

లెక్క చూడండి. 300 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే దిగే నీళ్లు 15,000 లీటర్లు. మన వాన ఒక్క సాయంత్రంలోనే అంత పడగలదు. చుట్టూ టైల్స్ పరిచిన వాకిలి, కార్ల షెడ్డు కలిపితే ఇంకా ఎక్కువ. ఆ నీళ్లన్నీ పైపులో దిగి వీధి కాలువలో కలవాలి. పైపు నోరు తోటలోనో, గోడ అంచునో వదిలేసి ఉంటే నేల తాగినంత తాగి వాలులోకి దింపుతుంది.

రిటైనింగ్ గోడలు

వానాకాలానికి ముందు, వాలు మట్టి జారకుండా ఆపే ఈ గోడల్లో వీధి వైపువన్నీ తనిఖీ చేయించాం. మన గోడల్లో కాంక్రీటు బలం తక్కువై వచ్చే ఇబ్బంది అరుదు. నీళ్లు బయటికి రాలేకపోవడమే అసలు తంటా. మూడు మీటర్ల ఎత్తు గోడ వెనక పైదాకా నీళ్లు నిలిస్తే, మట్టి బరువు కాకుండా నీళ్ల తోపుడే ప్రతి మీటరు పొడవుకూ దాదాపు నాలుగున్నర టన్నులు. చాలా గోడలను ఆ బరువుకు డిజైన్ చేయరు. వెనక నీళ్లు బయటికి పోయే రంధ్రాలు (వీప్ హోల్స్) ఉన్నాయి కదా అన్న ధీమాతో కడతారు.

తీరా చూస్తే ఆ రంధ్రాలు సగానికి సగం మూసుకుపోయి ఉన్నాయి. ఇనుప చువ్వ పెట్టి పొడిస్తే కొన్నింట్లోంచి గడ్డకట్టిన సిమెంటు పాలు వచ్చాయి, కొన్నింట్లోంచి చీమల పుట్ట మట్టి, ఒకచోట రంగులవాళ్లు కూరిన పుట్టీ. అన్నింటికన్నా ప్రమాదం అలంకారపు రాతి పలకలది. ముచ్చటగా కనిపించాలని గోడ మొత్తానికి పలకలు అతికిస్తారు, రంధ్రాలు వాటి వెనక ఉండిపోతాయి. అలాంటి చోట్ల పలకలు కోయించి, 75 మిల్లీమీటర్ల పైపు బయటికి కాస్త వాలుగా అమర్చాం. కొత్తగా కట్టేవాళ్లు అడ్డంగా రెండు మీటర్లకొకటి చొప్పున ఇవ్వండి. వెనక కనీసం 300 మిల్లీమీటర్ల మందాన కంకర పోసి, కంకరకూ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపేది) వేయించండి. గుడ్డ లేకపోతే నాలుగైదు వానాకాలాల్లో సన్న మట్టి దిగి కంకర సందులన్నీ పూడిపోతాయి. ఆపైన ఎన్ని రంధ్రాలున్నా దండగే. ఈ గుడ్డ ఖర్చు మిగుల్చుకుందామని చెప్పే మేస్త్రీ మాట వినకండి.

జోరు వానలో గొడుగు పట్టుకుని మీ గోడను ఒకసారి చూడండి. రంధ్రాల్లోంచి తేట నీళ్లు కారుతుంటే గోడ పని చేస్తున్నట్టే. వెనక నేల నానిపోయినా చుక్క కూడా రాకపోతే లోపల అడ్డుపడిందని. బురదనీళ్లు వస్తే మరీ చెడ్డ గుర్తు, వెనక మట్టి కొట్టుకుపోయి గుల్లవుతోందన్నమాట. పాత పగులుకు రెండు వైపులా పెన్సిల్ గీత గీసి, మధ్య దూరం తేదీతో రాసిపెట్టుకోండి. పగులు ఉండటం వేరు, పెరగడం వేరు. గోడ నడుము ఉబ్బినా, గోడకూ పైనున్న వాకిలికీ మధ్య చీలిక వచ్చినా ఆలస్యం చేయకుండా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. సిమెంటు పూసి మూస్తే పగులు కనిపించదు, అంతే.

ఇంకుడు గుంతల మీద మన దగ్గర ఓ అపోహ ఉంది. ఎక్కడ తవ్వినా మేలే అనుకుంటారు. గోడ పైఅంచున తవ్విన గుంత, గోడ వెనక నీళ్లు నింపడానికి తవ్వినట్టే. గోడ ఎత్తుకు కనీసం రెండింతల దూరం లోపలికి ఉండాలన్నది కార్యవర్గం పెట్టుకున్న నియమం. అంత చోటు లేనివాళ్లు సంపులో పట్టి వాడుకోవాలి. ఈత కొలను ఖాళీ చేసేటప్పుడూ ఇదే జాగ్రత్త. 50 ఘనమీటర్ల కొలనులో నీళ్ల బరువు 50 టన్నులు. ఒక్కసారిగా వాలు మీదికి వదలకండి, చిన్న మోటారుతో మెల్లగా డ్రైనేజీలోకి తోడించండి.

ఇదంతా అతిజాగ్రత్త అనుకునేవారి కోసం ఒక్క ఉదాహరణ. హాంకాంగ్‌లో సంపన్నులుండే మిడ్‌ లెవెల్స్ కొండవాలు మీద 1972 జూన్ 18న, రోజుల తరబడి కురిసిన కుండపోత తర్వాత, పో షాన్ రోడ్ దగ్గర చరియ జారింది. 12 అంతస్తుల భవనం కూలింది. 67 మంది చనిపోయారు. అక్కడి ప్రభుత్వం వాలుల భద్రతకే ప్రత్యేక కార్యాలయం పెట్టింది 1977లో.

చెట్లు, గడ్డి

వాలు మీద ఖాళీగా ఉన్న చోట్ల వట్టివేరు నాటించాం. దాని వేళ్లు పక్కలకు పాకకుండా నిలువునా రెండు మూడు మీటర్లు దిగుతాయి, మట్టిని పట్టి ఉంచుతాయి. పెద్ద చెట్టు కొట్టేయాలనుకునేవాళ్లు ఓ సంగతి గుర్తుంచుకోవాలి: కొట్టిన వెంటనే వాలుకు ఏమీ కాదు. లోపలి వేళ్లు కుళ్లి పట్టు వదిలే కొన్నేళ్ల తర్వాతే ముప్పు. కాబట్టి ముందు కొత్త మొక్క నాటి, అది నిలదొక్కుకున్నాకే పాతది తీయండి.

నీటి సరఫరా

పైవీధికి నీళ్లు అందడం లేదని, కిందివీధిలో కుళాయిలు పగులుతున్నాయని రెండు రకాల ఫిర్యాదులూ వచ్చాయి. రెండింటికీ మూలం ఒకటే. ట్యాంకు నుంచి ప్రతి పది మీటర్లు దిగేకొద్దీ పైపులో దాదాపు ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. అరవై మీటర్ల కింద ఉన్న ఇంటికి ఆరు బార్లు చేరుతుంది, ఇంటి కుళాయిలకు మూడు చాలు. కింది రెండు వీధుల వాళ్లు మీటరు తర్వాత ప్రెజర్ తగ్గించే వాల్వ్ పెట్టుకోవాలి. దాని ముందు జాలీ తప్పనిసరి. ఇసుక రేణువొకటి వాల్వ్ సీటులో ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు. అప్పుడు పగలు బాగానే ఉంటుంది, ఎవరూ నీళ్లు వాడని రాత్రి వేళ ఒత్తిడి పెరిగి గీజరు దగ్గర గొట్టం ఊడుతుంది. జాలీని మూడు నెలలకోసారి విప్పి కడగాలి.

పైవీధిలో కొందరు మెయిన్ పైపుకే నేరుగా మోటారు బిగించారు. పక్కింటి వాటా లాక్కోవడం ఒక తప్పయితే, పైపులో ఒత్తిడి పడిపోయి కీళ్ల దగ్గర బయటి మురికిని లోపలికి పీల్చుకోవడం అంతకన్నా పెద్దది. మోటారు సంపు నుంచే నడవాలి. తీయనివారి పేర్లు సర్వసభ్య సమావేశంలో చదువుతాం.

అగ్నిప్రమాదాలు

వేసవిలో వాలు మీద ఎండుగడ్డి కోయించాం. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట పైకి పాకే వేగం సుమారు రెట్టింపవుతుంది, అందుకే కోత కింది నుంచి మొదలుపెట్టాం. ఇంటికి మంట తాకకపోయినా నిప్పురవ్వలు చాలు. లాస్ ఏంజెలెస్ కొండల్లోని బెల్ ఎయిర్‌లో 1961 నవంబరులో 484 ఇళ్లు కాలిపోయాయంటే కారణాల్లో చెక్క పెంకుల పైకప్పులొకటి. మన పైకప్పులు కాంక్రీటువే, కానీ టెర్రస్ మీద తాటాకు పందిళ్లు, నీటి పైపుల్లో ఎండుటాకులు కనిపిస్తూనే ఉన్నాయి. మలుపుల్లో కార్లు నిలిపితే ఫైరింజన్ తిరగలేదు. ఆ చోట్ల పసుపు గీతలు వేశాం. గీతల మీద ఆపినవాళ్లలో కార్యవర్గ సభ్యులూ ఉన్నారని కొందరు ఫొటోలు పంపారు, జరిమానా వాళ్లకూ పడింది.

నిర్మాణ పనులు

వాలు తవ్వకం ఎండాకాలంలో ముగించండి. పక్కింటి గోడ పాదం దగ్గర తవ్వాల్సి వస్తే ఒకేసారి కందకం తీయకూడదు. మీటరు, మీటరున్నర వెడల్పు ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, కాంక్రీటు గట్టిపడ్డాకే మిగతావి తవ్వాలి. కాంట్రాక్టరుకు ఇది విసుగు, అందుకే ఇంటి యజమాని దగ్గరుండి చూసుకోవాలి. రోడ్డు మీద ఇసుక కుప్ప పోస్తే తొలి వానకే అది అడ్డ కాలువ జాలీలోకి చేరుతుంది. ఈసారి పూడికలో ఎక్కువ భాగం ఇసుకే. లోడు టిప్పర్లు కిందికి దిగేటప్పుడు లో గేరులోనే రావాలని గేటు దగ్గర బోర్డు పెట్టాం. బ్రేకు మీదే దిగితే డ్రమ్ములు వేడెక్కి ఆఖరి మలుపులో పట్టు తప్పుతుంది.

వీధి దీపాలు, సెక్యూరిటీ, చెత్త సేకరణ యథావిధిగా సాగాయి. ఆడిట్ చేసిన జమాఖర్చులు కోశాధికారి దగ్గర చూసుకోవచ్చు.

వచ్చే ఏడాది మొదటి పని, ఇళ్ల వెనక వైపు గోడల తనిఖీ. అవి ప్రహరీ లోపల ఉంటాయి కాబట్టి ఇంజనీరు రావడానికి యజమాని లిఖితపూర్వక అనుమతి కావాలి. ఫారం సంఘం కార్యాలయంలో ఉంది. పైవీధి నుంచి మొదలుపెడతాం, ఆ వీధి సభ్యులు ముందుగా ఇవ్వగలరు.