రౌటర్ చవకే, మేడ మాత్రం దొరకడం లేదు

సంపాదకుడు గారికి,

విపత్తు వచ్చి సెల్ టవర్లు మూగబోతే హామ్ రేడియో వాళ్లు (లైసెన్సు తీసుకుని ఇష్టం కొద్దీ సొంత రేడియోలు నడిపేవాళ్లు) వైఫై రౌటర్లతో సొంత డేటా నెట్‌వర్క్ వేసేయగలరని మీ పత్రికలో చదివాను. నేనూ హామ్‌నే. ఆ డబ్బాలతో చాలాకాలంగా కుస్తీ పడుతున్నాను కాబట్టి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

రౌటర్ పనికొస్తుందన్నది నిజమే. రేడియో మీద డేటా పంపే మా పాత పద్ధతి, ప్యాకెట్ రేడియో వేగం సెకనుకు 1200 బిట్లు. ఒక మెగాబైట్ ఫొటో పంపాలంటే దాదాపు రెండు గంటలు, అదీ మధ్యలో ఏమీ తెగకపోతే. వైఫై పరికరానికి అది క్షణాల పని. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కొన్ని వైఫై ఛానళ్లు మాకు కేటాయించిన హామ్ బ్యాండ్‌లోనే పడతాయి. అందుకే లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ లాంటి ఇంటి రౌటర్లలో సాఫ్ట్‌వేర్ మార్చి ఎప్పుడో మెష్ (ఒక రౌటర్ నుంచి ఇంకోదానికి డేటా అందించుకుంటూ పోయే) నెట్‌వర్కులు కట్టేశారు.

చిక్కంతా దారిలో ఉంది. పది కిలోమీటర్ల లింక్‌కు అవతలి యాంటెన్నా కంటికి కనిపిస్తే సరిపోదు. సగం దారిలో, రెండు యాంటెన్నాలనూ కలిపే గీత చుట్టూ కనీసం పది మీటర్ల మేర ఏ అడ్డూ ఉండకూడదు. నేనూ నా మిత్రుడూ చెట్లు మోడుగా ఉన్న రోజుల్లో ఒక లింక్ పెట్టాం, బ్రహ్మాండంగా నడిచింది. కొన్ని వారాలకు సిగ్నల్ పడిపోయింది. రౌటర్‌ను తిట్టుకున్నాం, సాఫ్ట్‌వేర్ రెండుసార్లు మార్చాం. చివరికి బైనాక్యులర్‌తో చూస్తే దారి మధ్యలో ఒకే ఒక్క చెట్టు, నిండా కొత్త ఆకులు!

దూరం పెరిగితే ఇంకో తంటా. 15 కిలోమీటర్లకు సిగ్నల్ వెళ్లి జవాబు రావడానికి 100 మైక్రోసెకన్లు పడుతుంది. గదుల కోసం చేసిన రౌటర్ అంతసేపు ఆగదు, పోయిందనుకుని మళ్లీ పంపుతుంది. ఆ ఆగే సమయాన్ని మార్చుకునే వీలున్న పరికరమే కొనాలి. దాన్ని కింద పెట్టి పైనున్న యాంటెన్నాకు కేబుల్ లాగుదామంటే కుదరదు. పది మీటర్ల సన్నని ఆర్‌జీ-58 కేబుల్ దాదాపు పదింట తొమ్మిది వంతుల పవర్‌ను మింగేస్తుంది. రేడియోనే యాంటెన్నా పక్కన బిగించాలి.

సహాయ బృందాలకు ముందే తెలియాల్సింది ఒకటుంది. హామ్ లైసెన్సు కింద పంపే సమాచారాన్ని ఇతరులకు అర్థం తెలియని సంకేతాల్లోకి మార్చడానికి, అంటే ఎన్‌క్రిప్ట్ చేయడానికి చాలా దేశాల్లో అనుమతి లేదు. రోగుల వివరాలు పంపితే ఎవరైనా వినొచ్చు. మామూలు వైఫై నిబంధనల కింద నడిపితే ఎన్‌క్రిప్ట్ చేసుకోవచ్చు కానీ పవర్ పరిమితి తగ్గుతుంది. ఏది ఎందుకు వాడాలో విపత్తు రాకముందే తేల్చుకోవాలి.

ఇక అసలు విన్నపం. ఎత్తైన ప్రభుత్వ భవనాల మీద, నీటి ట్యాంకుల మీద యాంటెన్నా పెట్టుకోనివ్వమని అడిగితే ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి తిరుగుతూనే ఉంటుంది. రౌటర్లు, బ్యాటరీలు మేమే తెచ్చుకుంటాం. పైన బిగించడానికి ఒక ఇనప గొట్టం, మేడ తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పే మనిషి, ఈ రెండూ ఇప్పిస్తే చాలు.

ఇట్లు,
ఒక హామ్ రేడియో ఆపరేటర్