ఊరి రోడ్డుపై ఆరే వడ్లు, ఆరిపోయే ప్రాణాలు

సంపాదకులకు నమస్కారం.

రోడ్డు భద్రత విషయంలో ప్రభుత్వాలు మునుపటికంటే ఎక్కువ శ్రద్ధ చూపుతున్న మాట నిజం. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచారు. 2025 మే నుంచి ఏ రోడ్డు మీద ప్రమాదానికి గురైనవారికైనా ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేర నగదు రహిత చికిత్స అందించే పథకం వచ్చింది. ఇవి మెచ్చుకోదగిన పనులే. అయితే ప్రమాదాన్ని ముందే ఆపే ప్రయత్నం మాత్రం చాలావరకు జాతీయ రహదారి దగ్గరే ఆగిపోతోంది.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించగా, జాతీయ రహదారులపై పోయినవారు అందులో సుమారు 36 శాతం. మిగిలినవారంతా రాష్ట్ర రహదారులు, ఇతర రోడ్లపైనే ప్రాణాలు కోల్పోయారు. జాతీయ రహదారిపై అర కిలోమీటరు మేరలో మూడేళ్లలో మరణాలకో, తీవ్ర గాయాలకో దారితీసిన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది చనిపోయినా ఆ చోటును బ్లాక్ స్పాట్‌గా గుర్తించి సరిచేస్తారు. ఊరి రోడ్డుకు ఈ కొలత సరిపోదు. అక్కడ ఈ ఏడు చెరువు కట్ట మీద ఒకరు, వచ్చే ఏడు మూల మలుపులో ఇంకొకరు పోతారు తప్ప, ఒకే చోట పది ప్రాణాలు పోవు. 2025 నవంబరు 3న చేవెళ్ల సమీపంలోని మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయినప్పుడు రాష్ట్రమంతా కదిలింది, కదలవలసిందే. ఒక్కొక్కరుగా పోతున్నవారి లెక్క మాత్రం ఏ సమీక్షకూ రావడం లేదు.

నిరుటి వానకాలం కోతలప్పుడు మా మేనల్లుడు నల్లగొండ జిల్లాలోని మా ఊరికి చీకటి పడ్డాక మోటారు సైకిల్‌పై వెళ్తూ, నల్లటి టార్పాలిన్ కప్పిన వడ్ల కుప్పను గమనించక, దాని అంచున పెట్టిన బండరాయికి తగిలి పడిపోయాడు. హెల్మెట్ ఉండబట్టి ప్రాణం దక్కింది కానీ, కాలి ఎముక విరిగి నాలుగు నెలలు మంచానికే పరిమితమయ్యాడు. అతన్ని లేపి, ఆటో పిలిపించి, ఆస్పత్రి దాకా వెంట వచ్చింది ఆ వడ్లు పోసిన రైతే. ఆయనపై కేసు పెట్టాలని మా ఇంట్లో ఎవరికీ అనిపించలేదు.

ఆ రైతు ఇబ్బంది ఏమిటో కూడా చూడాలి. చేత్తో కోసిన రోజుల్లో పనలు పొలంలోనే ఎండేవి, ఆ తర్వాతే కుప్ప నూర్చేవారు. ఇప్పుడు హార్వెస్టర్ ఎకరాలకెకరాలు ఒక్క పూటలో కోసి పచ్చి వడ్లను ట్రాక్టరులో పోస్తోంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. అన్ని వడ్లు ఆరబోయడానికి గట్టి నేల ఊళ్లో రోడ్డు తప్ప మరొకటి లేదు. రోడ్డుపై పోయవద్దని పోలీసులు బోర్డులు పెట్టి, కేసులు పెడతామని హెచ్చరించినంత మాత్రాన తేమ తగ్గదు. ఉపాధి హామీ నిధులతో రాష్ట్రంలో కల్లాలు కట్టించే పని ఒకప్పుడు మొదలైంది. అవి పథకం నిబంధనల్లోకి రావంటూ, ఆ సొమ్ము తిరిగి చెల్లించమని కేంద్రం 2022లో అడగడంతో వివాదమైంది. నా దృష్టిలో కల్లం రైతుకు ఎంత అవసరమో, దారిన పోయేవారి ప్రాణరక్షణకూ అంతే అవసరం. కాబట్టి దాని ఖర్చును రోడ్డు భద్రత నిధుల నుంచి భరించినా తప్పులేదు.

కల్లాలు వచ్చేలోగా చేయదగిన పనులు లేకపోలేదు. రోడ్డుకు ఒక పక్కనే ఆరబోయాలని, పొద్దు గూకే లోపు కుప్ప చేసి పక్కకు తీయాలని, రాళ్లకు బదులు ఇసుక సంచులు పెట్టాలని గ్రామ పంచాయతీ తీర్మానం చేసి చాటింపు వేయించవచ్చు. ఊళ్లోని ట్రాక్టర్లలో చాలావరకు కొనుగోలు కేంద్రానికి వస్తాయి కనుక, వెనుక లైట్లు లేని ట్రాలీలకు అక్కడే ఉచితంగా రేడియం స్టిక్కర్లు అతికించవచ్చు. ఊరి రోడ్లపై జరిగిన ప్రమాదాలను అర కిలోమీటరు లెక్కన కాక మండలం మొత్తానికి, కారణాల వారీగా లెక్కించి, జిల్లా రోడ్డు భద్రత కమిటీ ముందు పెట్టాలి. యాసంగి కోతలు మొదలయ్యే ఏప్రిల్‌లోపు రోడ్లు భవనాలు, పంచాయతీరాజ్, పౌరసరఫరాల శాఖలు కలిసి కూర్చుని ఈ పనులు ఎవరివో తేల్చాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, వనస్థలిపురం, హైదరాబాద్