మా బోర్డుల రేటు ఎందుకు ఎక్కువ, ఇకపై ఏవి పెట్టం

మా కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ మధ్య నల్లగొండలోని మా ఎల్ఈడీ డిజిటల్ బోర్డుల షాపుకు వచ్చేవాళ్లు ఎక్కువగా రెండు మాటలే అడుగుతున్నారు. "ఆన్‌లైన్‌లో తక్కువకే వస్తోంది కదా, మీ దగ్గర ఇంతెందుకు?" అనేది ఒకటి. "పెద్ద టీవీ కొని బయట బిగిస్తే పోదా?" అనేది రెండోది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కాబట్టి రెండో ప్రశ్న మరీ ఎక్కువైంది. అందరికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను. కొంతమందికి నచ్చకపోవచ్చు.

ముందు టీవీ సంగతి. ఇంటి టీవీ వెలుతురు మామూలుగా 250 నుంచి 400 నిట్స్ (తెర వెలుగును కొలిచే లెక్క) దాకా ఉంటుంది. హాల్లో కూర్చుని చూడటానికి అది చాలు. అదే టీవీని గడియారం సెంటర్లో మిట్టమధ్యాహ్నం ఎండకు ఎదురుగా పెడితే అందులో మన ముఖమే కనబడుతుంది. ఎండలో చదవగలగాలంటే 5000 నిట్స్ దాటిన అవుట్‌డోర్ ఎల్ఈడీ కావాల్సిందే. అద్దాల పెట్టె చేయించి అందులో టీవీ పెడదామంటారు కొందరు. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు దాటుతుంది, ఇక మూసిన పెట్టె లోపల ఎంత ఉంటుందో చూసుకోండి. ప్యానెల్ వేడెక్కి మధ్యలో నల్లటి మచ్చ వస్తుంది. సాయంత్రం చల్లబడ్డాక పోతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. పైగా ఇంటి టీవీని వ్యాపారానికి వాడితే చాలా కంపెనీల వారంటీ వర్తించదు. వారంటీ కార్డులో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. అందుకే ఇకపై ఎవరడిగినా మేం బయట టీవీ బిగించం. హాస్పిటల్ వెయిటింగ్ హాలు, కోచింగ్ సెంటర్ లాంటి లోపలి చోట్లయినా రోజుకు 16 గంటలు నడవడానికి తయారైన కమర్షియల్ డిస్‌ప్లేనే ఇస్తాం.

ఎల్ఈడీ విషయానికొస్తే, పీ10, పీ5, పీ3 అనే నంబర్లు చుక్కకూ చుక్కకూ మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో చెప్తాయి. ఎన్ని మిల్లీమీటర్లో, సుమారుగా అన్ని మీటర్ల దూరంలో నిలబడితే బొమ్మ కలిసి కనబడుతుంది. రోడ్డు అవతలి నుంచి చూసే బోర్డుకు పీ10 చాలు. కౌంటర్ వెనక గోడకు అదే పెడితే చుక్కలు తప్ప ఏమీ కనబడవు.

గుడి కమిటీలు, మార్కెట్ యార్డుల వాళ్లు ఈ కింది మాట మాత్రం తప్పకుండా చదవాలి. బోర్డును చుక్కలున్న చిన్న పలకలు కలిపి చేస్తారు, వాటినే మాడ్యూల్స్ అంటారు. ఒక వరస పీ10 మాడ్యూల్స్‌తో చేసిన స్క్రోలింగ్ బోర్డు ఎత్తు 16 చుక్కలే. ఇంగ్లీషుకు సరిపోతుంది. తెలుగుకు పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, మూడంతస్తులు కావాలి. 'శ్రీ లక్ష్మీ నరసింహ స్వామి' అని రాసి చూడండి, 'క్ష్మీ' దగ్గరికి వచ్చేసరికి ఎర్రటి ముద్ద తప్ప ఏమీ ఉండదు. బోర్డు మీద మ్యాటర్ నడిపించే చవక కంట్రోల్ కార్డుల సాఫ్ట్‌వేర్‌లో ఇంకో తంటా, ఒత్తులు విడిపోయి పక్కకు వచ్చి పడతాయి. కాబట్టి తెలుగు మ్యాటర్ అయితే రెండు వరసలు, అంటే 32 చుక్కల ఎత్తు లేకుండా ఆర్డర్ తీసుకోం. మ్యాటర్ మేమే టైపు చేసి, బొమ్మగా మార్చి ఎక్కిస్తాం. మార్చాల్సినప్పుడల్లా వాట్సాప్‌లో పంపితే చాలు, మొదటి ఏడాది దానికి డబ్బులు తీసుకోం.

బోర్డు మా దగ్గర కొన్నా, ఇంకెక్కడ కొన్నా డబ్బులిచ్చే ముందు ఒక పని చేయండి. స్క్రీన్ మొత్తం తెలుపు వేయించి కాసేపు ఉంచమనండి. ఏదో ఒక మూల ఎర్రగా కనబడితే అక్కడికి 5 వోల్టులు సరిగా చేరడం లేదన్నమాట. ఎరుపు ఎల్ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు, నీలం, ఆకుపచ్చలకు 3 దాకా కావాలి. వోల్టులు తగ్గితే ముందు అవే డల్ అవుతాయి, ఎరుపు మిగులుతుంది. వైరు సన్నదైనా, పొడవెక్కువైనా, కరెంటును 5 వోల్టులకు మార్చి ఇచ్చే ఎస్ఎంపీఎస్‌లు తక్కువ పెట్టినా ఇలాగే అవుతుంది. 40 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ ఇచ్చేది 200 వాట్లు. మేం దాని మీద 140 దాటి లోడు వేయం. రేటు తేడాలో ఒక ముక్క ఇదే. మిర్యాలగూడ రైస్ మిల్లుల వాళ్లకు మరొక మాట. ఫ్యాను ఉన్న ఎస్ఎంపీఎస్ ఊక దుమ్మునంతా లోపలికి లాక్కుంటుంది. మీకు ఫ్యాను లేనివే వేస్తాం, కొంచెం ఖరీదెక్కువ.

రెండో ముక్క స్పేర్ మాడ్యూల్స్. ఒక బ్యాచ్‌లో వచ్చిన మాడ్యూల్స్ రంగు ఇంకో బ్యాచ్‌తో కలవదు. రెండేళ్ల తర్వాత కొత్తది తెచ్చి వేస్తే బోర్డు మధ్యలో అతుకు వేసినట్టే ఉంటుంది. అందుకని బిగించిన రోజే అదే బ్యాచ్‌లోవి కొన్ని మీ దగ్గరే పెట్టి వెళ్తాం. వాటిని ఎవరికీ ఇవ్వకండి, బీరువాలో దాచండి.

ఎర్తింగ్ గుంత, సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా ఎగబాకితే అడ్డుకునేది) ఇకపై ఆప్షన్ కాదు. ఏప్రిల్, మే నెలల గాలివానల్లో పిడుగు దగ్గర్లో ఎక్కడ పడినా కార్డులు పోతాయి. "మా బిల్డింగ్‌కు ఎర్తింగ్ ఉంది" అంటే సరే, మీటరు పెట్టి చూస్తాం, లేకపోతే తవ్విస్తాం. కోతులున్న ఊళ్లలో వైరంతా జీఐ పైపులోనే వెళ్తుంది. ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు లోపలికి పోవని చెప్పే గుర్తు) అని పెట్టె మీద రాసి ఉన్నా అది చాలాసార్లు ముందు వైపుకే, వెనక వైపు ఎంతో విడిగా అడగండి. ఇనుప ఫ్రేము విషయంలో బేరం అసలు వద్దు. 2024 మే 13న ముంబై ఘాట్కోపర్‌లో గాలిదుమారానికి హోర్డింగ్ కూలి 17 మంది చనిపోయారు. పెద్ద బోర్డయితే ఇంజనీరు లెక్క, మున్సిపాలిటీ పర్మిషన్ కాగితం చూశాకే పని మొదలుపెడతాం.

పాస్‌వర్డ్ కూడా చూసుకోండి. 2023 మార్చిలో పట్నా రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం టీవీల్లో ఉన్నట్టుండి అశ్లీల వీడియో నడిచింది, అంత జనం మధ్యలో. అక్కడ కారణం ఏదైనా, మన బోర్డుల కంట్రోలర్లకు వైఫై ఉంటుంది, కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డే ఉంచేస్తే దారిన పోయే కుర్రాడెవరైనా ఏదైనా ఎక్కించగలడు. బిగించిన రోజే మార్చి, కాగితం మీద రాసి ఒక్కరికే ఇస్తాం.

వ్యాపారికి నష్టమైనా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఎప్పటికీ మారని విషయానికి డిజిటల్ బోర్డు దండగ. కిరాణా షాపు పేరుకు వెలిగే అక్షరాల ఏసీపీ (అల్యూమినియం షీటు) బోర్డు సరిపోతుంది. బాత్రూం ఎటు, ఎమర్జెన్సీ ఎటు అనేవి పెయింటుతోనే రాయించండి, కరెంటు పోయినా ఉంటాయి. 2024 జూలై 19న ప్రపంచమంతా కంప్యూటర్లు మొరాయిస్తే శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనే బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

సర్వీసు గురించి. నల్లగొండ టౌన్‌లో అదే రోజు, మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ వైపు మర్నాడు మనిషి వస్తాడు. మహబూబ్‌నగర్, జడ్చర్ల వాళ్లకు రెండు రోజులు పడుతుంది. గద్వాల, అలంపూర్ వైపు కొత్త ఆర్డర్లు ఇప్పుడు తీసుకోవడం లేదు, అంత దూరం సమయానికి రాలేం. అక్కడ ఇప్పటికే మా బోర్డులున్న వాళ్లకు మాత్రం సర్వీసు యథాప్రకారం ఉంటుంది.

వేరే చోట కొన్న బోర్డులు కూడా రిపేరు చేస్తాం. ఫోన్ చేసే ముందు మెయిన్ ఆఫ్ చేసి, వెనక డోరు తీసి, మాడ్యూల్ వెనక ఉన్న నంబరు, కంట్రోల్ కార్డు మీది పేరు, ఎస్ఎంపీఎస్ స్టిక్కరు, ఈ మూడింటి ఫొటోలు తీసి పంపండి. అవుంటే మనిషి సరైన పార్టు పట్టుకునే బయల్దేరతాడు.