జూన్‌లో కొన్న డబుల్ కాట్ దోమతెరలు వెనక్కి తెచ్చివ్వండి

జూన్‌లో మా దగ్గర కొన్న డబుల్ కాట్ పాలిస్టర్ దోమతెరలకు దోమల్ని చంపే మందు సమంగా పట్టలేదు. కింది అంచుల్లో ఎక్కువ, తెర పైకప్పుకు తక్కువ. తప్పు పూర్తిగా మాదే.

ముసురు రోజుల్లో పరిచే చోటు చాలక తడి తెరల్ని తాళ్ల మీద వేలాడదీశాం. నూలుబట్ట నీళ్లు పీల్చుకుంటుంది. పాలిస్టర్ పోగు పీల్చదు, మందునీళ్లు పోగుల సందుల్లోనే నిలుస్తాయి. వేలాడదీస్తే కిందికి జారి అంచులో చేరతాయి. పడుకున్నవాళ్ల ఒంటి వేడీ వాసనా పైకి లేస్తాయి కాబట్టి దోమలు ఎక్కువగా వాలేది పైకప్పు మీదే. అంటే మందు అవసరమైన చోటే తగ్గింది. రెండు చోట్లా దోమల్ని మూడేసి నిమిషాలు ఉంచి చూశాం: అంచుకు తగిలినవి గంటలోపు పడిపోయాయి, పైకప్పుకు తగిలినవి చాలావరకు ఎగురుతూనే ఉన్నాయి. చూపుకు, వాసనకు తేడా తెలియదు, అందుకే అనుమానం పెట్టుకోకుండా తెచ్చేయండి. ఉతికి, మళ్లీ ముంచి, ప్లాస్టిక్ షీటు మీద పరిచి నీడలో ఆరబెట్టి ఇస్తాం. డబ్బులేమీ అక్కర్లేదు.

మా తెరలకు మూడు ఉతుకులకో, ఆరు నెలలకో మళ్లీ మందు పట్టించాలి. ఇంట్లో చేసుకునేవాళ్లు ఎక్కువగా పొరపడేది నీళ్ల దగ్గర. 15 చదరపు మీటర్ల తెరకు, చదరపు మీటరుకు 25 మిల్లీగ్రాముల లెక్కన, 2.5 శాతం డెల్టామెత్రిన్ (దోమల మందు) ద్రావణం 15 మిల్లీలీటర్లు చాలు. దాన్ని రెండు లీటర్ల నీళ్లలో కలిపితే తెర పట్టేది అర లీటరే, ముప్పాతిక మందు టబ్బులోనే ఉండిపోతుంది. ముందు ఉతికి ఆరిన తెరను కొలిచిన మామూలు నీళ్లలో ముంచి, చుక్కలు ఆగేదాకా పట్టుకోండి. టబ్బులో ఎంత తగ్గిందో అంతే నీళ్లు తీసుకుని, తెర మళ్లీ ఆరాక, అందులో మందు కలపండి. చేతులకు రబ్బరు గ్లౌజులు ఉండాలి. మూలమూలా తడిసేలా పిసకండి, తర్వాత పిండొద్దు. పరిచే ఆరబెట్టండి, ఎండలో వద్దు, ఎండకు మందు విరిగిపోతుంది. ఉతికేటప్పుడు సోడా, బ్లీచింగ్ వాడినా అంతే.

మిగిలిన మందునీళ్లు మోరీలో పోయకండి, చెరువుకు చేరితే చేపలు చస్తాయి. పొడినేలలో గుంత తీసి పోయండి. తెర తడిగా ఉన్నంతసేపూ పిల్లుల్ని దగ్గరికి రానివ్వకండి, ఈ మందు వాటికి విషం.