ఆ ఐదు మార్కుల సంగతి

అమ్ములూ,

నిన్న ఫోన్‌లో "అసైన్‌మెంట్‌కి అందరికీ నాలుగో ఐదో మార్కులు వేసి ఇచ్చేస్తా నాన్నా, డిపార్ట్‌మెంట్‌లో అందరూ అదే చేస్తున్నారు" అన్నావు. అది నాకు నచ్చలేదు, అందుకే రాస్తున్నా.

జేఎన్‌టీయూ ఆర్22 రూల్స్‌లో ఇంటర్నల్స్ 40 మార్కులు, అందులో అసైన్‌మెంట్‌కి 5. నిజమే, చిన్న సంఖ్యే. కానీ పిల్లలు టైమ్ చూసుకోకుండా తీరిగ్గా ఆలోచించి రాసేది సెమిస్టర్‌లో అదొక్కటే. ఉప్పల్‌లో బస్సు మారి వచ్చి, లైబ్రరీలో కూర్చుని సొంతంగా రాసిన పిల్లకీ, వాట్సాప్ గ్రూప్‌లో వచ్చిన పీడీఎఫ్ చూసి రాత్రికి రాత్రి దించేసిన వాడికీ ఒకే మార్కు వేస్తే, కష్టపడనక్కర్లేదని నువ్వే సంతకం పెట్టి చెప్పినట్టు.

దేనికెన్ని మార్కులో అసైన్‌మెంట్ ఇచ్చే రోజే చెప్పెయ్. కోర్సులకి గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ ఫైల్ కోసం తయారుచేసే రూబ్రిక్, అదే దేనికెన్ని మార్కులో రాసిన పట్టిక, ముందు పిల్లల చేతికే వెళ్లాలి. నీ డేటాబేస్ సబ్జెక్ట్ డీబీఎంఎస్‌లోనే చూడు, నార్మలైజేషన్ (ఒకే సమాచారం పదేపదే రాకుండా టేబుల్‌ని విడగొట్టడం) అంటే ఏంటో రాస్తే ఒకటి, ఇచ్చిన టేబుల్‌ని మూడో నార్మల్ ఫామ్‌లోకి సరిగ్గా విడగొడితే రెండు, ఎందుకలా విడగొట్టారో సొంత మాటల్లో చెప్తే రెండు. టేబుల్ కూడా అందరికీ ఒకటే ఇవ్వకు, ఒకరికి మెట్రో టికెట్లు, ఒకరికి ఆస్పత్రి ఓపీ, ఇంకొకరికి కిరాణా షాపు ఖాతా ఇస్తే పక్కవాడిది దించడం కుదరదు.

దిద్దేటప్పుడు పేరు చూడకు. మొదటి ప్రశ్న అందరిదీ దిద్దాకే రెండోదానికి వెళ్లు, లేకపోతే పొద్దున దిద్దిన పేపర్‌కీ రాత్రి పదకొండుకి దిద్దినదానికీ తెలియకుండానే తేడా వచ్చేస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ల ఇంగ్లిష్ తడబడితే మార్కు కోయకు తల్లీ, టేబుల్ సరిగ్గా విడగొట్టారా లేదా అదే చూడు. చాట్‌జీపీటీతో రాయించినట్టు అనుమానమొస్తే సున్నా వేసెయ్యకుండా పిలిచి రెండు ప్రశ్నలడుగు, తెలిసిపోతుంది.

ఇంకోటి, "గుడ్", "ఇంప్రూవ్" అని రాస్తే వాళ్లకేం ఉపయోగం? "ఇక్కడ పార్షియల్ డిపెండెన్సీ వదిలేశావు" అని ఒక్క లైను రాసి, మిడ్ పరీక్షకి ముందే తిరిగి ఇచ్చెయ్. మిడ్ అయిపోయాక ఇస్తే దిద్దుకునే అవకాశమే ఉండదు.

మార్కులు తక్కువ వేశావేంటని హెచ్‌ఓడీ గారు అడిగితే ఆ రూబ్రిక్, పేపర్లు ముందు పెట్టు.

అరవై మందికి టైమెక్కడుంది అంటావని తెలుసు. మిడ్‌కి ఒకటే కదా అసైన్‌మెంట్. ఆదివారం కట్ట ఇంటికి తెచ్చుకో, టోటల్స్ నేను వేసి పెడతా.

నాన్న