ఒకే స్పానిష్, వేర్వేరు మాటలు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఉద్యోగం కోసం స్పానిష్ నేర్చుకుంటున్న నాలాంటివారికి దొరికే పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా స్పెయిన్ వాడుకే కనిపిస్తుంది. స్పానిష్ అధికార భాషగా ఉన్న 20 దేశాల్లో వీధుల్లో వినిపించే మాటలకు వాటిలో చోటు తక్కువ. ‘గ్వాగ్వా’ అంటే క్యూబాలోనూ కానరీ దీవుల్లోనూ బస్సు; చిలీలో అదే మాటకు పసిపాప అని అర్థం, అక్కడికి అది దక్షిణ అమెరికా ఆదివాసుల కెచువా భాష నుంచి వచ్చింది. ‘కొహేర్’ అనే క్రియను స్పెయిన్‌లో బస్సెక్కడానికి, వస్తువు తీసుకోవడానికి నిస్సంకోచంగా వాడుతుండగా, మెక్సికో, అర్జెంటీనాల్లో అది పెద్దల ముందు పలకరాని బూతు. పనిని స్పెయిన్‌లో ‘కుర్రో’ (మన కుర్రాడికీ దీనికీ చుట్టరికం లేదు), మెక్సికోలో ‘చంబా’, అర్జెంటీనాలో ఇటలీ వలసదారుల మాట నుంచి పుట్టిన ‘లబూరో’ అంటారు.

‘సోపతి’ వంటి తెలంగాణ మాటలను ఏళ్లతరబడి పుస్తకాల గడప బయటే నిలబెట్టిన మనకు ఈ లోటు కొత్త కాదు. స్పానిష్ భాషా అకాడమీలు మాత్రం 2010లో అమెరికా ఖండాల వాడుక మాటలకే ప్రత్యేక నిఘంటువును వెలువరించాయి. మీ విద్యా పుటలో వారానికి ఒక్క మాటనైనా, ఏ దేశంలో ఎవరితో అనవచ్చో, ఎవరితో అనకూడదో కూడా వివరిస్తూ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్