ల్యాబ్ కంప్యూటర్లలో తొలగని ఎక్స్‌టెన్షన్లు

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం జిల్లా రాజాంలో ఒక కళాశాల కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత చూస్తున్నాను. ఇటీవల మా విద్యార్థిని ఒకరు ఉపకార వేతనం పని మీద వచ్చి, క్రోమ్‌లో జ్ఞానభూమి అని టైపు చేస్తే, గూగుల్‌కు బదులు ఎన్నడూ చూడని సెర్చ్ పేజీ ఒకటి ప్రకటనలతో తెరుచుకుంది. "ఏం నొక్కావమ్మా?" అని అడిగాను. అలా అడిగినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. ఆమె పేరిట ఆ కంప్యూటర్‌లో విండోస్ అకౌంట్ తెరిచి అప్పటికి పది నిమిషాలు కాలేదు.

ఆ పేజీని తెస్తున్నది ఒక ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్. క్రోమ్‌లోని ఎక్స్‌టెన్షన్ల పేజీలో దాన్ని తొలగించే బటనే లేదు. అడ్మినిస్ట్రేటర్ ఇన్‌స్టాల్ చేసినట్టు రాసి ఉంది. క్రోమ్‌ను తీసేసి మళ్లీ వేసినా అది తిరిగి వచ్చింది. ఒకరు తమ అకౌంట్‌లో వేసుకున్న ఎక్స్‌టెన్షన్ వారి ప్రొఫైల్‌లోనే ఉంటుంది కానీ, విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలో, మొత్తం యంత్రానికి వర్తించే భాగంలో పాలసీగా, అంటే అడ్మినిస్ట్రేటర్ పెట్టే తప్పనిసరి నియమంగా రాసినది ఆ కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచే ప్రతి ఒక్కరికీ వస్తుంది, క్రోమ్‌ను తీసేసినా ఆ రాత అక్కడే మిగిలిపోతుంది.

అడ్రస్ బార్‌లో క్రోమ్ అని, కోలన్, రెండు స్లాష్‌ల తరువాత పాలసీ అని ఇంగ్లీషులో కొడితే ఈ గుట్టు బయటపడుతుంది. ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్ (బలవంతంగా వేసే ఎక్స్‌టెన్షన్ల జాబితా) అనే వరుసలో ఆ ఎక్స్‌టెన్షన్ 32 అక్షరాల గుర్తింపు కోడ్, అది యంత్రానికంతటికీ వర్తిస్తుందా లేక ఆ ఒక్క యూజర్‌కేనా అన్నదీ కనిపిస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్, కోలన్, పాలసీస్ అని కొట్టాలి. అయితే కనిపించినదల్లా చెరిపేయకూడదు; అనుచిత సైట్లను అడ్డుకోవడానికి కళాశాలే పెట్టినవి కూడా అందులో ఉండవచ్చు. కోడ్ సరిచూసుకుని, రిజిస్ట్రీలో ఆ ఒక్క విలువనే తీసి క్రోమ్‌ను మళ్లీ తెరవాలి. అప్పటికీ తిరిగొస్తే, దాన్ని రాస్తున్న ప్రోగ్రామ్ ఇంకా లోపలే ఉన్నట్టు. మా దగ్గర అది అడ్మిన్ అకౌంట్‌లో ఎవరో వేసిన ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్.

అన్ని సైట్ల సమాచారాన్నీ చదివే అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్, పిల్లలు దరఖాస్తులో నింపే ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లను కూడా చూడగలదు. కనుక ఉమ్మడి కంప్యూటర్లున్న కళాశాలలు, గ్రంథాలయాలు, నెట్ సెంటర్ల నిర్వాహకులు అడ్మిన్ పాస్‌వర్డ్‌ను ఒకరిద్దరికే పరిమితం చేసి, అందరి కోసం పెట్టిన ఎక్స్‌టెన్షన్ల వివరాలను ఒక పుస్తకంలో రాసి ఉంచాలనీ, దరఖాస్తుల గడువు దగ్గరపడేలోపే ప్రతి యంత్రంలో ఆ పాలసీ పేజీని తెరిచి చూడాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ల్యాబ్ ఉద్యోగి,
రాజాం, విజయనగరం జిల్లా